ఆన్‌లైన్ వేలం: పాట పాడి సొమ్ము కట్టని కొనుగోలుదారుతో వ్యవహరించే విధానం

ఆన్‌లైన్ వేలంలో హెచ్చు పాట నమోదు కావడం వేరు, ఆ సొమ్ము అమ్మకందారు ఖాతాకు జమ కావడం వేరు. ఈ రెండింటి మధ్య ఒక రోజు నుంచి కొన్ని నెలల వరకు వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో పాటదారు వెనక్కి తగ్గితే అమ్మకందారు చేతిలో మిగిలేది ధరావతు సొమ్ము ఒక్కటే. ప్రభుత్వ శాఖలు, దేవస్థానాలు, పట్టణాభివృద్ధి సంస్థలు, బ్యాంకులు తమ అమ్మకాలలో అధిక భాగాన్ని ఆన్‌లైన్ పద్ధతికి మార్చిన నేపథ్యంలో, సొమ్ము కట్టని కొనుగోలుదారు విషయమై చట్టం ఏమి చెబుతున్నది, అమ్మకపు అధికారి ఏమి చేయగలరు, పత్రికలు ఏ అంకెను రాబడిగా పేర్కొనవచ్చు అన్న అంశాలను పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

కోటి రూపాయల పాట, వేలల్లో ధరావతు

2023 ఫిబ్రవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని సిమ్లా జిల్లా కోట్‌ఖాయ్‌లో హెచ్.పి. 99-9999 అనే వాహన నంబరును ఆన్‌లైన్ వేలానికి పెట్టారు. కనీస ధర 1,000 రూపాయలు. పాట 1,12,15,500 రూపాయలకు చేరింది. స్కూటరు నంబరుకు కోటి రూపాయలు పలికిందని దేశమంతటా పత్రికలు రాశాయి. ఆ సొమ్ము మాత్రం జమ కాలేదు. ముందుగా ధరావతు కట్టినవారినే పాటకు అనుమతించాలని ఆ తరువాత అక్కడి ప్రభుత్వం నిర్ణయించుకోవలసి వచ్చింది.

2025 నవంబరులో హర్యానాలో హెచ్.ఆర్. 88 బి 8888 అనే నంబరు విషయంలోనూ ఇదే జరిగింది. కనీస ధర 50,000 రూపాయలు కాగా పాట 1.17 కోట్ల రూపాయల వరకు వెళ్లింది. గడువు ముగిసినా సొమ్ము రాలేదు. పాటదారుకు అంత మొత్తం కట్టగల స్తోమత ఉన్నదో లేదో తేల్చేందుకు ఆయన ఆస్తులపై విచారణ జరపాలని ఆ రాష్ట్ర రవాణా మంత్రి ఆదేశించారు. పాటదారు కోల్పోయినది పదివేల రూపాయల పైచిలుకు మాత్రమే.

ఈ రెండు ఉదంతాలలోనూ లోపం ఒక్కటే. పాట ఎంత పెరిగినా ధరావతు పెరగలేదు. కనీస ధరను బట్టి నిర్ణయించిన ధరావతు, కనీస ధరకు వంద రెట్లు, వెయ్యి రెట్లు పాడిన వ్యక్తిని కట్టి ఉంచజాలదు. అటువంటి పాటదారుకు పాట అంటే కొనుగోలు కాదు, కొనాలా వద్దా అని తీరికగా ఆలోచించుకునే హక్కును చవకగా పొందడమే. విచారణలు, ఆదేశాలు తరువాతి మాట. సొమ్ము ఎగవేతను అరికట్టగల నిబంధన వేలం ప్రకటనలోనే ఉండాలి.

ఈ విషయంలో ఆన్‌లైన్ పద్ధతితో సంబంధం లేని ఒక స్థానిక ఉదాహరణ పేర్కొనదగినది. హైదరాబాద్ శివారులోని బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2023లో లడ్డూ 27 లక్షల రూపాయలు పలికింది. 2024లో పాటలో పాల్గొనదలచినవారు ముందటి ఏడాది ధరకు సమానమైన మొత్తాన్ని ముందుగానే జమ చేయాలని ఉత్సవ నిర్వాహకులు షరతు విధించారు. ఆ ఏడాది పాట 30.01 లక్షలకు చేరింది. అంటే పాటలో పది వంతులలో తొమ్మిది వంతుల వరకు పాట మొదలు కాకముందే జమ అయి ఉన్నది. ఏ శాఖ నియమావళిలోనూ ఇంత గట్టి షరతు తరచుగా కనిపించదు.

ఎవరు కట్టరు, ఎందుకు కట్టరు

సొమ్ము కట్టనివారందరూ ఒకే కోవకు చెందినవారు కారు. పాట వేడిలో స్తోమతకు మించి పాడినవారు కొందరు. బ్యాంకు రుణం అందుతుందని నమ్మి భంగపడినవారు కొందరు. ఒక సున్నా అదనంగా నొక్కినవారు కూడా ఉంటారు. పాట మొత్తాన్ని అక్షరాలలో చూపి రెండవసారి ధ్రువీకరణ కోరే ఏర్పాటు ఉంటే ఈ కోవ చాలావరకు తొలగిపోతుంది. పేరు పత్రికలకెక్కితే చాలుననుకునేవారి సంగతి పైన చూశాం.

అన్నింటికంటే ప్రమాదకరమైనది కూడబలుక్కుని చేసే ఎగవేత. ఒకరు ఎవరూ అందుకోలేని పాట పాడి మిగిలినవారిని తప్పుకొనేలా చేస్తారు. ఆయన మనిషే తక్కువ ధరకు రెండవ స్థానంలో ఉంటాడు. మొదటివాడు సొమ్ము కట్టడు. నిబంధనలు రెండవ పాటదారుకు ఆయన పాడిన ధరకే అవకాశం ఇస్తే, పోటీ లేకుండా సరుకు చేతికి వస్తుంది.

ఆస్ట్రేలియాలో 1993లో రెండు ఉపగ్రహ టెలివిజన్ లైసెన్సులకు ప్రభుత్వం సీల్డు టెండర్లు పిలిచినప్పుడు ఇందుకు దగ్గరి పరిణామమే ఎదురైంది. అది ఆన్‌లైన్ వేలం కాకపోయినా, వేలం నిబంధనలు రాసే ప్రతి అధికారీ తెలుసుకోదగిన ఉదంతం. ధరావతు అడగలేదు. అంతగా పేరు లేని రెండు కంపెనీలు 21.2 కోట్లు, 17.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో మొదటి స్థానాలలో నిలిచాయి. సొమ్ము కట్టలేదు. తరువాతి హెచ్చు టెండరు ఎవరిదని చూస్తే అవీ ఆ కంపెనీలవే. ఒకే లైసెన్సుకు 50 లక్షల డాలర్ల తేడాతో మెట్లు మెట్లుగా అనేక టెండర్లు వేసి ఉంచారు. ఒక్కొక్క మెట్టూ దిగుతూ వచ్చి చివరికి ఒక లైసెన్సు 11.7 కోట్లకు, రెండవది 7.7 కోట్లకు ఖరారయ్యాయి. ప్రతి ఎగవేతా నిబంధనలకు లోబడే జరిగింది.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలలో ఈ ప్రమాదానికి కొంతవరకు విరుగుడుగా పనికివచ్చే సూత్రం ఉన్నది. హెచ్చు పాటదారు మొత్తం సరుకును తీసుకోలేకపోతే, మిగిలిన సరుకును తరువాతి పాటదారులకు ఇవ్వవచ్చు; అయితే హెచ్చు పాటదారు పేర్కొన్న ధరకే ఇవ్వాలి. పూర్తి ఎగవేత సందర్భంలోనూ ఇదే సూత్రాన్ని వేలం షరతులలో చేర్చడం మేలు. రెండవ పాటదారు ఆ ధరకు అంగీకరించకపోతే పునర్వేలమే మార్గం. రెండవ పాటకే సరుకు ఇవ్వాలని శాఖ భావిస్తే, ఆ ఇద్దరికీ సంబంధం లేదన్న పరిశీలన ఫలితాన్ని, ధర సమంజసమన్న కారణాలను ఫైలులో రాసి ఉంచాలి.

ఒప్పందం ఎప్పుడు కుదిరినట్లు

ఎగవేతదారుపై చర్య తీసుకోవాలంటే ముందుగా ఒప్పందం ఏ క్షణంలో ఏర్పడిందో తేలాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం వేలం నిర్వాహకుడు సుత్తి దెబ్బతో గానీ, వాడుకలో ఉన్న మరో విధంగా గానీ అమ్మకం ముగిసినట్లు ప్రకటించినప్పుడే అమ్మకం పూర్తవుతుంది. అంతవరకు పాటదారు తన పాటను ఉపసంహరించుకోవచ్చు. ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అన్న పిలుపు ఆన్‌లైన్‌లో వినిపించదు. దాని స్థానంలో గడియారం ఉంటుంది. కనుక గడువు ముగిసిన క్షణమే అమ్మకం పూర్తవుతుందా, లేక అధికారి ఆమోదం తరువాతనా అన్నది షరతులలో స్పష్టంగా ఉండాలి.

ప్రభుత్వ వేలాలలో సాధారణంగా ‘హెచ్చు పాట సమర్థాధికారి ఆమోదానికి లోబడి ఉంటుంది’ అన్న షరతు ఉంటుంది. ఇది శాఖకు రక్షణే అయినా రెండు వైపులా పదునున్న షరతు. ఆమోదం వెలువడే వరకు శాఖ కట్టుబడి ఉండనట్లే, షరతులు వేరుగా చెప్పనంత వరకు పాటదారు కూడా కాంట్రాక్టు చట్టం కింద తన ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. ఫైలు మూడు నెలలు నలిగి, ఈలోగా మార్కెట్ ధర పడిపోతే పాటదారు తప్పుకున్నాడని వాపోవడంలో అర్థం లేదు. పాట ఎన్ని రోజులు చెల్లుబాటులో ఉంటుందో పేర్కొని, ఆలోగా ఉపసంహరించుకుంటే ధరావతు జప్తు అవుతుందని రాయాలి. ఇటువంటి షరతు చెల్లుతుందని జాతీయ రహదారుల ప్రాధికార సంస్థకు, గంగా ఎంటర్‌ప్రైజెస్‌కు మధ్య నడిచిన కేసులో 2003లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పాట ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదన్న కారణంతో ఒప్పందం చెల్లదని వాదించే వీలు లేదు. 2009లో అమలులోకి వచ్చిన సవరణ ద్వారా సమాచార సాంకేతిక చట్టంలో చేర్చిన 10ఎ సెక్షన్ ఈ సంగతి చెబుతున్నది. అయితే ఆ పాట ఫలానా వ్యక్తిదేనని నిరూపించే భారం అమ్మకందారుపై ఉంటుంది. అందువలన డిజిటల్ సంతకం, లాగిన్ వివరాలు, ప్రతి పాట నమోదైన సమయం భద్రపరచాలి. వాటిని న్యాయస్థానంలో దాఖలు చేయడానికి 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం అవసరం. వేలం వేదికను నిర్వహించే సంస్థతో ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ బాధ్యతను ఆ సంస్థపై పెట్టడం ఉత్తమం.

ధరావతు జప్తు: రెండు తీర్పులు

జప్తు చేసిన ధరావతు విషయమై శాఖలను తరచుగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటున్నది. పునర్వేలంలో మొదటి పాట కంటే ఎక్కువ ధర వస్తే, నష్టమే జరగనప్పుడు ధరావతును ఉంచుకోవచ్చునా?

కైలాష్ నాథ్ అసోసియేట్స్, ఢిల్లీ అభివృద్ధి సంస్థ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఉంచుకోరాదని చెప్పింది. 1982లో ఢిల్లీలోని భికాజీ కామా ప్లేస్‌లో ఒక స్థలానికి 3.12 కోట్ల రూపాయల పాట వచ్చింది. పాటదారు 25 శాతం కట్టాడు. మిగతా సొమ్ము విషయంలో గడువుల పొడిగింపు, లేఖలు చాలాకాలం నడిచాయి. చివరికి ఆ సంస్థ ధరావతును జప్తు చేసి, 1994లో అదే స్థలాన్ని 11.78 కోట్లకు అమ్మింది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం నష్టం జరిగినప్పుడే పరిహారం ఉంటుందని, ఇక్కడ నష్టం లేదని, పైగా ఒప్పందాన్ని ఉల్లంఘించినది పాటదారు కాదని న్యాయస్థానం తేల్చింది. ఒప్పందం కుదరకముందే బహిరంగ వేలం షరతుల ప్రకారం జరిగే జప్తుకు 74వ సెక్షన్ వర్తించదని కూడా అదే తీర్పు పేర్కొన్నది. శాఖల న్యాయవాదులు ఈ రెండవ భాగాన్ని విస్మరించరాదు.

2024 ఫిబ్రవరి 2న సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అధీకృత అధికారి, షణ్ముగవేలు కేసులో వచ్చిన తీర్పు బ్యాంకు వేలాలకు సంబంధించినది. సర్ఫేసీ చట్టం కింద 2002లో చేసిన నిబంధనల ప్రకారం పాటదారు 25 శాతాన్ని అదే రోజు, ఆలస్యమైతే మరుసటి పనిదినం లోగా కట్టాలి. మిగతా సొమ్మును అమ్మకం నిర్ధారణ అయిన 15వ రోజులోగా, లేదా ఉభయులూ లిఖితపూర్వకంగా అంగీకరించిన గడువులోగా కట్టాలి. ఆ గడువు మూడు నెలలకు మించరాదు. కట్టకపోతే ధరావతు జప్తు అవుతుంది, ఆస్తిని తిరిగి అమ్ముతారు. పునర్వేలంలో ఎక్కువ ధర వచ్చినా సరే, ఇది చట్టం విధించిన పర్యవసానం గనుక కాంట్రాక్టు చట్టంలోని 73, 74 సెక్షన్ల కొలతలు దీనికి వర్తించవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే అధికారికి తేలే విషయం ఇది. జప్తు అధికారం చట్టంలో గానీ, నిబంధనలలో గానీ ఉంటే బలమైన స్థితి. కేవలం ఒప్పంద పత్రంలో ఉంటే, జరిగిన నష్టాన్ని లెక్కగట్టి చూపడానికి సిద్ధంగా ఉండాలి. గడువు పొడిగిస్తూ లేఖలు రాయడం మొదలైతే ఆ స్థితి మరింత బలహీనపడుతుంది.

కోర్టు అమ్మకాలకు సివిల్ ప్రక్రియా స్మృతి 21వ ఆర్డరు వేరుగా ఉన్నది. 25 శాతం వెంటనే, మిగతాది 15 రోజులలో కట్టాలి. ఇది విధిగా పాటించవలసిన నిబంధన అని 1954లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పునర్వేలంలో ధర తగ్గితే ఆ తేడాను ఎగవేతదారు నుంచి వసూలు చేసే ఏర్పాటు కూడా అదే ఆర్డరులో ఉన్నది.

గడువు ముగిసిన మరునాడు

సొమ్ము రానప్పుడు అమ్మకపు అధికారి చేయవలసిన మొదటి పని, తన వైపు లోపం ఏదైనా ఉన్నదేమో చూసుకోవడం. స్థలంపై వ్యాజ్యం ఉన్నదని చెప్పకపోవడం, సర్వే హద్దులు సరిపోకపోవడం, తుక్కు ఇనుము తూకం తేడా రావడం, చెల్లింపు వేదిక పనిచేయకపోవడం వంటివి ఉంటే పాటదారు చెల్లించకపోవడానికి న్యాయమైన కారణం ఉన్నట్లే. ‘ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలానే’ అన్న షరతు సరుకు నాణ్యతకు సంబంధించి రక్షణ ఇవ్వవచ్చు గానీ, తెలిసి దాచిన హక్కు లోపానికి కవచం కాదు. ఎర్రచందనం వంటి సరుకు విషయంలో మరో చిక్కు ఉన్నది. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం రెండవ అనుబంధంలో ఇది చేరి ఉన్నందున ఎగుమతికి అనుమతి తప్పనిసరి. అనుమతి ఆలస్యమైతే చెల్లింపు గడువు ఆగుతుందా లేదా అన్నది ముందే రాసి ఉండకపోతే వివాదం తప్పదు.

తన వైపు లోపం లేదని నిర్ధారించుకున్న తరువాత నోటీసు ఇవ్వాలి. కదిలించగల సరుకు విషయంలో, అంటే తుక్కు, కలప, తలనీలాలు, పాత వాహనాలు వంటి వాటి విషయంలో ఈ నోటీసుకు ఉన్న విలువ చాలామందికి తెలియదు. వస్తు విక్రయ చట్టం 54వ సెక్షన్ ప్రకారం తిరిగి అమ్మబోతున్నట్లు నోటీసు ఇచ్చి, సహేతుకమైన సమయం తరువాత అమ్మితే, తగ్గిన ధరను మొదటి కొనుగోలుదారు నుంచి రాబట్టవచ్చు. ఎక్కువ వస్తే ఆయనకు ఇవ్వనక్కరలేదు. నోటీసు ఇవ్వకుండా అమ్మితే ఫలితం తలకిందులవుతుంది. నష్టం రాబట్టే హక్కు పోతుంది, లాభం వస్తే అది మొదటి కొనుగోలుదారుకే చెందుతుంది. త్వరగా చెడిపోయే సరుకుకు మాత్రం నోటీసు అక్కరలేదు. ఒక్క లేఖ పంపకపోవడం వలన ఒక శాఖ తన సరుకును తానే రెండుసార్లు అమ్మి, లాభాన్ని ఎగవేతదారుకు అప్పగించే పరిస్థితి తెచ్చుకోవచ్చు.

ఎగవేతదారును భవిష్యత్తు వేలాల నుంచి నిషేధించే ముందు ఆయన వాదన వినడం తప్పనిసరి. 1975 నాటి ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసు నుంచి ఇది స్థిరపడిన సూత్రం. సంజాయిషీ నోటీసులోనే నిషేధించే ఉద్దేశం ఉన్నట్లు తెలపాలని 2014లో గోర్ఖా సెక్యూరిటీ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘తగు చర్య తీసుకొనబడును’ అన్న పాత వాక్యం సరిపోదు.

వ్యక్తిగత అమ్మకందారులు

వ్యక్తులు తమ వస్తువులను ఆన్‌లైన్ వేలంలో అమ్ముకునే పద్ధతి మన దేశంలో 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌తో ప్రచారం పొందింది. 2004లో దానిని అమెరికా సంస్థ ఈబే కొనుగోలు చేసింది. ఈబే భారత విభాగం 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి 2018 ఆగస్టులో మూతపడింది. అంతర్జాతీయ ఈబే వేదికపై చేతివృత్తుల వస్తువులు, నాణేలు, తపాలా బిళ్లలు అమ్మేవారికి మాత్రం ఈ సమస్య నేటికీ ఉన్నది. ఆ వేదికపై కొనుగోలుదారు నాలుగు రోజులలో చెల్లించకపోతే అమ్మకందారు ఆర్డరును రద్దు చేసుకొని, చెల్లించనందునే రద్దు చేసినట్లు నమోదు చేయవచ్చు. ఇటువంటి నమోదులు ఎక్కువైనవారిని తమ వేలాల్లోకి రాకుండా అమ్మకందారులు ముందుగానే అడ్డుకోవచ్చు. 2008 నుంచి అమ్మకందారు కొనుగోలుదారుపై ప్రతికూల అభిప్రాయం రాసే వీలు లేదు కనుక, ఈ నమోదే అమ్మకందారు చేతిలోని ఆయుధం. కొనుగోలుదారుపై జాలిపడి వేరే కారణం చూపి రద్దు చేస్తే ఆ నమోదు ఉండదు. సొమ్ము ఖాతాలో కనిపించకముందే సరుకు పంపరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

పత్రికలకు ఉపయోగపడే అంకెలు

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో 45.33 ఎకరాలకు హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ జరిపిన ఆన్‌లైన్ వేలంలో పాటల మొత్తం 3,319.60 కోట్ల రూపాయలు. ఒక ప్లాటుకు ఎకరా 100.75 కోట్లు పలికింది. వేలం ముగిసిన సాయంత్రం వెల్లడయ్యే ఇటువంటి అంకె ఏ వేలంలోనైనా పాట మొత్తమే. రాబడి కాదు. రెండింటినీ ఒకే వాక్యంలో కలపకుండా, అమ్మకం నిర్ధారణ అయిన మొత్తం ఎంత, చెల్లింపు గడువు ముగిసేనాటికి జమ అయినది ఎంత అని విడివిడిగా అడగడం పాత్రికేయులకు సులువైన పనే. మొదటి, రెండవ పాటల మధ్య తేడా ఎంత అన్న ప్రశ్నకు కూడా జవాబు రాబట్టవచ్చు. ఆ తేడా అసాధారణంగా ఉంటే వార్త ఆ సాయంత్రంతో ముగిసేది కాదు, చెల్లింపు గడువు ముగిసే రోజున మరోసారి చూడవలసినది.

శాఖల వైపు నుంచి, గడువు ముగిసిన తరువాత జమ వివరాలతో రెండవ ప్రకటన విడుదల చేసే అలవాటు ఇంకా తక్కువే. పునర్వేలం జరిపేటప్పుడు మొదటి వేలం రద్దయిన తేదీ, జప్తు చేసిన ధరావతు మొత్తం, ఈసారి పెంచిన ధరావతు శాతం కొత్త ప్రకటనలో చేర్చాలి. మొదటి వేలంలో పాట పాడి సొమ్ము కట్టని వ్యక్తి గానీ, ఆయన తరఫువారు గానీ పాల్గొనరాదన్న షరతును కూడా అదే ప్రకటనలో ఉంచాలి; వేలం మొదలైన తరువాత దానిని చేర్చడానికి వీలుండదు.